కదలకమ్మ రెండు సెకన్లు

నా జిరాక్సు కొట్టుకూ ఆమె ఫోటో స్టూడియోకూ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. ఆ గోడ అవతల నుంచి రోజుకు కనీసం నలభై సార్లు ఒకే మాట వినిపిస్తుంది: "కదలకండి." పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దించేదాకా అదే పాట. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మిషన్లో కాయితం పెడుతున్నవాణ్ణి ఆ మాట వినగానే చెయ్యి ఆపేసేవాణ్ణి, లోపల కాయితం ఇరుక్కుపోయేది. ఇరవై ఏళ్ళలో అలవాటైపోయింది. ఆమెకు కదలకమ్మ అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు వీధి వీధంతా అలాగే పిలుస్తోంది, పెట్టినవాణ్ణి మాత్రం ఒక్కరూ తలుచుకోరు.

కదలకమ్మ తీసేవి పాస్‌పోర్టు ఫోటోలు. తెల్ల గుడ్డ, దాని ముందు ఒక ఎత్తు స్టూలు, అటూ ఇటూ గొడుగు లైట్లు, ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో దువ్వెన కట్టిన అద్దం. అంతే ఆమె సామ్రాజ్యం. ఆమె తీసిన ఫోటోను ఏ ఆఫీసువాళ్ళూ ఇంతవరకు తిప్పి పంపలేదు. చంటిపిల్లలు, వినపడని ముసలివాళ్ళు, అద్దం ముందు తప్ప ఎక్కడా కుదురుగా నిలబడని కుర్రకారు, ఎవరైనా సరే, ఆమె ఆ ఒక్క మాట అనేసరికి బిగుసుకుపోతారు. గొంతు పెద్దదేమీ కాదు. చెప్పినట్టు వింటారన్న నమ్మకం ఆ గొంతులో ఉంటుంది, అందుకే వింటారు.

ఆ మాట వెనక ఒక సంగతి ఉంది. ఒకసారి టీ తాగుతూ చెప్పింది. ఆమెకు మూడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పోయాడు. ఆయన ఉన్న ఫోటో ఒకే ఒక్కటి: ఫ్యాక్టరీ గేటు ముందు నలభై మంది కార్మికులు వరసల్లో నిలబడి దిగింది. ముప్పై తొమ్మిది ముఖాలు స్పష్టంగా ఉన్నాయి. రెండో వరసలో ఎడమ నుంచి ఐదో మనిషి మాత్రం సరిగ్గా ఆ క్షణంలోనే ఎవరో పిలిచినట్టు తల తిప్పాడు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక మిగిలింది. "అదే మా నాన్న," అంది కదలకమ్మ. చిన్నప్పుడు ఆమె వాళ్ళ అన్నయ్యను, నాన్న కళ్ళు ఎలా ఉండేవి అని అడిగి అడిగి ప్రాణం తీసేదట. నాన్న పోయేనాటికి అన్నయ్యకు పన్నెండేళ్ళు. బాగుండేవి అనేవాడు. అంతకు మించి చెప్పడం ఆయనకు చేతకాలేదు.

అలాంటి మనిషి యాభై ఒకటో ఏట చెదిరిన బొమ్మల పిచ్చిలో పడుతుందని ఎవరైనా చెబితే నేను నవ్వేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ప్లీడరు గారు ఫోటోకు వచ్చారు. అప్పుడే గొడుగు లైట్ల ఫ్యూజు పోయింది. ఆయనకేమో కోర్టు టైమైపోతోంది. ట్యూబ్‌లైటు వెలుతురులోనే తీద్దామని కదలకమ్మ షట్టరు వేగం బాగా తగ్గించింది. అంటే కెమెరా కన్ను మామూలుకంటే ఎక్కువ సేపు తెరుచుకుని ఉంటుంది. ఆ కాసేపట్లో ఏది కదిలినా బొమ్మలో గీతగా పడుతుంది. ప్లీడరు గారు కదల్లేదు. కదిలింది ఈమె చెయ్యి. ముఖాన్ని దగ్గరగా తెచ్చుకోవడానికి జూమ్ రింగు తిప్పుతూ, తిప్పడం పూర్తికాకుండానే కంగారులో బటన్ నొక్కేసింది. తెర మీద చూస్తే ప్లీడరు గారి ముక్కు ఒక్కటే ముక్కులా ఉంది. చెవులు, కాలరు, ఆయన భుజం పక్కన కనబడే దువ్వెన, అన్నీ గీతలు గీతలుగా నాలుగు వైపులకూ పరుగెత్తుతున్నాయి.

"ఇదేంటమ్మా, నన్ను ఫిరంగిలో పెట్టి పేల్చినట్టుంది," అన్నారు ప్లీడరు గారు.

మరొకటి తీసి ఆయన్ని పంపించింది. మొదటి దాన్ని చెరిపేయాలి. చెరపలేదు. గోడ మీద తట్టి నన్ను పిలిచింది.

"చూడండి బాబాయ్ గారూ. ఈయన స్టూలు మీద నుంచి లేవనేలేదు. అయినా ఎంత జోరుగా వస్తున్నాడో."

"వస్తున్నాడా, పోతున్నాడా?" అన్నాను.

"అదే నాకూ తెలియాలి," అంది.

ఇక పట్టుకుంది. తెల్ల గుడ్డ ముందు తీస్తే గీతలు రావు, ఎందుకంటే గీతలు కావడానికి అక్కడ ఏమీ లేదు. వెనక సామాను కావాలి, లైట్లు కావాలి, రంగులు కావాలి. అవన్నీ ఉన్నది నా కొట్టులో. కాయితాల కట్టలు, ఫైళ్ళు, రెండు ట్యూబ్‌లైట్లు, పచ్చదీపం వెలిగే మిషన్లు, వాటి మధ్య నా బట్టతల. గిరాకీ లేని ప్రతి గంటా కెమెరా పట్టుకుని వచ్చేసేది. మొదటి రెండు వారాలు తీసినవన్నీ చెత్తే, మొహమాటం లేకుండా చెబుతున్నాను. చేత్తో పట్టుకుంటే గీతలు వంకర్లు పోయాయి, దాంతో మూడుకాళ్ళ స్టాండు తెచ్చింది. రింగు బిగుసుగా ఉండి తిప్పినప్పుడల్లా కెమెరా కుదిపేది. వంటింట్లో చెక్క గరిటె కాడ విరిచి రబ్బరు బ్యాండ్లతో రింగుకు కట్టింది, ఇక వేలితో తోస్తే వెన్నలా తిరిగింది. పగటి వెలుతురుకు బొమ్మ తెల్లగా మాడిపోతుంటే, మా ఆవిడ నల్లకళ్ళద్దాల్లోంచి ఒక అద్దం ఊడబీకి లెన్సు ముందు అంటించింది. మా ఆవిడ ఆ కళ్ళద్దాల కోసం ఇప్పటికీ వెతుకుతోంది.

అసలు కిటుకు మూడో వారం దొరికింది. బటన్ నొక్కగానే తిప్పడం మొదలుపెడితే మధ్యలో ఉన్న మనిషి కూడా చెదిరిపోతున్నాడు. కెమెరా కన్ను తెరుచుకున్నాక ముందు ఒకటిన్నర సెకను ఏదీ ముట్టుకోకూడదు. మనిషి కుదురుగా బొమ్మలోకి దిగాలి. ఆఖరి అర సెకనులో గరిటె కాడను తోయాలి. అప్పుడు మనిషి మనిషిలాగే ఉంటాడు, చుట్టూ ఉన్న లోకం మాత్రం ఆయన దగ్గర్నుంచి గీతలై బయలుదేరుతుంది. దీనికి ఎదుటివాడు రెండు సెకన్లు రాయిలా కూర్చోవాలి. అది పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లకే గగనం. మనామెకు రోజూ చేసే పని. చెదిరిన బొమ్మ తియ్యడానికి కదలకుండా కూర్చోబెట్టడం వచ్చి ఉండాలన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఇది ఇలా ఉండగా బస్సు డిపో గుమాస్తా వచ్చి ఒక ఐడీ కార్డు నా బల్ల మీద పెట్టాడు. "ఈ ఫోటో పెద్దది చెయ్యాలండీ. గోడకు," అన్నాడు.

డిపోలో డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే గది ఉంది. ఒక్క ప్రమాదం కూడా లేకుండా రిటైరైన డ్రైవరు ఫోటో ఆ గది గోడకు కడతారు. ఇప్పటికి ఇరవై రెండు ఉన్నాయి. ఇది ఇరవై మూడోది. కార్డు మీద పేరు చూడకముందే ముఖం గుర్తుపట్టాను. కళ్ళు మూసుకుని ఫోటో దిగిన మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే. ఆయన కదలకమ్మ అన్నయ్య.

ఫోటో అంటే చాలు, ఆయన కళ్ళు మూతలు పడతాయి. పెళ్ళి ఫోటోలో మూశాడు, కూతురి పెళ్ళి ఫోటోలోనూ మూశాడు. టక్‌మని చప్పుడయ్యే లోపే రెప్పలు దిగిపోతాయి. చెల్లెలు ఇరవై ఆరేళ్ళుగా ప్రయత్నించి ఓడిపోయింది. చాటుగా తీసింది, మాటల్లో పెట్టి తీసింది, ఫ్లాష్ లేకుండా తీసింది. ఒకసారి కంప్యూటర్లో తన కళ్ళే కత్తిరించి ఆయన ముఖానికి అతికించింది. వాళ్ళ వదిన చూసి, "బాగానే ఉంది గానీ అమ్మాయ్, నువ్వు మీసాలు పెట్టుకున్నట్టుంది," అని తిప్పి ఇచ్చేసింది. ఊళ్ళో అందరి ఫోటోలూ తీసే మనిషికి సొంత అన్నయ్య ఫోటో లేదు, దీపం కింద చీకటి అన్నట్టు. డిపోలో ఆయనకు నిద్ర డ్రైవరు అని పేరు. ముప్పై మూడేళ్ళలో ఆయన బండికి ఒక గీత పడలేదు, అయినా ఆ పేరు పోలేదు.

కార్డు తీసుకెళ్ళి ఆమెకు చూపించాను. చాలాసేపు చూసింది.

"వెనక యాభై మంది నిద్రపోతుంటే అన్నయ్య ఒక్కడే కళ్ళు తెరుచుకుని నడిపాడు బాబాయ్ గారూ," అంది. "ఇప్పుడు గోడ మీద అన్నయ్య నిద్రపోతుంటే, రేపు కొత్తగా వచ్చే డ్రైవర్లు చూసి నవ్వరా? ఎగతాళికి పెట్టిన పేరు ఫ్రేములో కూర్చుంటే ఇక అదే ఖాయం."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"పెద్దది చెయ్యకండి. రిటైరుమెంటుకు పది రోజులుంది కదా. ఆ గుమాస్తాను ఆగమనండి."

ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక కాబోలు, మధ్యాహ్నం నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి వరసగా రెండు సెకన్ల ఫోటోలు తీసింది. నాకు పొద్దుటి నుంచి కళ్ళలో జిరాక్సు మిషను టోనరు పొడి పడి మంటగా ఉంది. "అమ్మాయ్, రెప్ప వేశాను, ఇంకోటి తియ్యి," అన్నాను. తెర మీద చూస్తే నా కళ్ళు గుడ్లగూబ కళ్ళలా తెరుచుకుని ఉన్నాయి.

"నిజంగా వేశారా?"

"రెండుసార్లు వేశాను. కావాలంటే ఒట్టు."

కదలకమ్మ తెర మీద నా కళ్ళను పెద్దవి చేసి చూసింది. తర్వాత నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. "రెప్ప పడి లేచేది ఎంతసేపు? చిటికెలో పావు వంతు. రెండు సెకన్లలో మిగతాదంతా కళ్ళు తెరిచే ఉన్నాయి కదా. కెమెరా ఎక్కువసేపు చూసినదాన్నే రాసుకుంటుంది. బాబాయ్ గారూ, అన్నయ్య టక్ అనగానే మూస్తాడు. మూసి, అయిపోయిందేమోనని వెంటనే తెరుస్తాడు. ఇన్నాళ్ళూ నేను మూసిన క్షణాన్నే పట్టుకుంటూ వచ్చాను."

అప్పుడు ఆమె ముఖం చూడాలి. పోయిన వస్తువు జేబులోనే దొరికినవాళ్ళ ముఖంలా ఉంది. నాకు కూడా సంతోషమేసింది, కానీ టోనరు పొడి గొప్పతనం గురించి ఆమె ఒక్క మాట అనకపోవడం బాగాలేదు.

ఆదివారం తెల్లవారుతుండగా డిపోకు వెళ్ళాం. స్టాండు మోసే కూలీని నేనే. షెడ్డులో బస్సు ముక్కుకు ఎదురుగా కెమెరా పెట్టింది. ముందు అద్దంలోంచి సరిగ్గా మధ్యలో అన్నయ్య, కింద రెండు హెడ్‌లైట్లు వెలుగుతూ, వెనక పైన షెడ్డు దీపాలు. అన్నయ్య అయిష్టంగానే సీటెక్కాడు. "నీ వల్ల కాదు చెల్లీ, నా కళ్ళే అంత," అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

"అన్నయ్యా, కదలకు."

టక్. రెండు సెకన్లు. టక్. ఆమె లెక్క తప్పలేదు, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కాకపోతే నాలుగున్నాయి. ముక్కులు రెండు, మీసాలు రెండు. పది ఫోటోలు తీస్తే పదీ అంతే. డ్యూటీకి వచ్చిన డ్రైవర్లు చుట్టూ మూగారు. "నిద్ర డ్రైవరు కలలో కనబడుతున్నాడు," అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వి కిందికి దిగాడు.

"చాల్లే చెల్లీ. ఆ కార్డు ఫోటోనే పెట్టనీ. నాకేం బాధ లేదు," అన్నాడు. బాధ లేనివాడు అలా నేల చూపులు చూడడు. నాకు ఆ నవ్విన డ్రైవరును నాలుగు దులపాలనిపించింది, కానీ వాడు ఆరడుగులున్నాడు.

కొట్టుకు తిరిగొచ్చాక ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఆ పది ఫోటోలూ పెద్దవి చేసి చూస్తూనే ఉంది. గంట గడిచింది. నేను వెళ్ళేసరికి తల తిప్పకుండానే అంది. "తప్పు నా చేతిది కాదు. బండిది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాను.

"మద్దెల ఓడే బాబాయ్ గారూ, చూడండి. షెడ్డు దీపాల గీతలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. హెడ్‌లైట్ల గీతలు రంపం పళ్ళలా ఉన్నాయి. స్టాండు కదిలితే రెండూ వంకరపోవాలి కదా. బస్సుకున్నవే వణికాయి. అంటే బస్సు వణికింది."

నేను కళ్ళజోడు తుడుచుకుని చూశాను. నిజమే. వెంటనే అన్నయ్యకు ఫోన్ చేసి, నాకూ వినపడేలా పెట్టింది.

"అన్నయ్యా, పొద్దున సీట్లో కూర్చున్నప్పుడు ఇంజన్ వేశావా?"

"వెయ్యకపోతే?" అన్నాడు ఆయన, అదేం ప్రశ్న అన్నట్టు. "సీట్లో కూర్చున్నానంటే ఇంజన్ ఉండాలి కదా. ఇంజన్ ఆపానంటే దిగిపోయినట్టే. ముప్పై మూడేళ్ళలో ఆపి ఊరికే కూర్చున్నది లేదు."

డిపోలో ఎప్పుడూ పది ఇంజన్లు మోగుతుంటాయి, మా చెవులకు పదకొండోది ఆనలేదు. కదలకమ్మ ఫోన్ పెట్టేసి పకపక నవ్వింది. ఆ తప్పు చెయ్యాలంటే ముప్పై మూడేళ్ళ సర్వీసు ఉండాలి.

అన్నయ్యను మళ్ళీ ఒప్పించడానికి వదిన రంగంలోకి దిగాల్సి వచ్చింది. "రిటైరయ్యాక మీరు ఇంట్లోనే కదా. చెల్లెలి మాట వినకపోతే నా మాట రోజంతా వినాల్సి వస్తుంది," అందట. ఆ బెదిరింపు పనిచేసింది. ఆఖరి రోజు పొద్దున, ఆయన ఆఖరి ట్రిప్పుకు గంట ముందు, అందరం షెడ్డులో ఉన్నాం. ఇక ఇంకో రోజు లేదు. ఇప్పుడు రాకపోతే సాయంత్రానికి గోడ మీద ఆ కార్డు ఫోటోయే.

ఇంజన్ ఆపించింది. బండి నిశ్చలంగా ఉంది. కానీ అన్నయ్య వేరే మనిషైపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, భుజాలు చెవుల దాకా లేచాయి. ఆ నిశ్శబ్దంలో కెమెరా టక్ పెద్దగా వినిపించింది. ఆయన కళ్ళు మూసి, రెండో టక్ దాకా తెరవనేలేదు. మూడు ఫోటోలు తీసింది. మూడింట్లోనూ గీతలు అద్భుతం, మధ్యలో మనిషి గాఢ నిద్ర.

ఇక స్టాండు మడవడమే అనుకున్నాను నేను. కదలకమ్మ మాత్రం తొణకలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని అన్నయ్యను చూస్తూ నిలబడింది, స్టూలు ఎక్కనని మొండికేసిన పిల్లల్ని చూసినట్టు.

"అన్నయ్యా, ఎర్ర లైటు పడితే ఏం చేస్తావు?"

"ఆగుతాను. ఇంకేం చేస్తాను?"

"అప్పుడు కళ్ళెక్కడుంటాయి?"

"లైటు మీదే. ఎప్పుడు మారుతుందో చూడాలి కదా."

ఆమె వెనక్కి తిరిగింది. మా వెనక ఇంకో బస్సు, మాకు తోక చూపిస్తూ నిలబడి ఉంది. అన్నయ్యతో పదకొండేళ్ళు పనిచేసిన కండక్టరమ్మను పిలిచి, ఆ బస్సు ఎక్కి బ్రేకు తొక్కి పట్టుకోమంది. "నేను చెప్పేదాకా కాలు తియ్యకు," అంది. మా తలల వెనక రెండు ఎర్ర దీపాలు వెలిగాయి.

"అన్నయ్యా, సిగ్నల్ పడింది."

అంతే అంది. కదలకు అనలేదు. ఇరవై ఏళ్ళలో ఆ మాట లేకుండా ఆమె బటన్ నొక్కడం నేను చూడటం అదే మొదటిసారి. అన్నయ్య చేతులు వాటంతటవే స్టీరింగు మీదికి వెళ్ళాయి. భుజాలు దిగాయి. కళ్ళు ఎర్ర దీపం మీద నిలిచాయి. టక్. ఆమె పెదవులు లెక్కపెట్టాయి, వేలు గరిటె కాడను మెత్తగా తోసింది. టక్. ఏడు ఫోటోలు తీసింది. ఎనిమిదోది అక్కర్లేదని నాకే తెలిసిపోయింది.

స్టాండు మడిచాం, లెన్సుకు మూత పెట్టాం. అన్నయ్య ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు.

"దిగవయ్యా, అయిపోయింది," అన్నాను.

"లైటు మారలేదు కదండీ," అన్నాడు, చూపు తిప్పకుండా. కండక్టరమ్మను కాలు తియ్యమని చెప్పడం మేం మర్చిపోయాం.

ఆయన ఆఖరి ట్రిప్పు ముగించుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటికి ఫ్రేము గోడకెక్కింది. ఇంజన్ ఆపి షెడ్డులో నిలబెట్టిన బస్సు అది, ఆ సంగతి మాకు తెలుసు. గోడ మీద మాత్రం అది దూసుకొస్తోంది. హెడ్‌లైట్లు, షెడ్డు దీపాలు, అద్దం అంచులు, అన్నీ తిన్నటి గీతలై ఫ్రేము చివరిదాకా పరుగెడుతున్నాయి. ఆ పరుగంతటికీ మధ్యలో ఒక మనిషి, నిదానంగా, కళ్ళు తెరుచుకుని దారి చూస్తున్నాడు. మిగతా ఇరవై రెండు ఫోటోలూ బాగున్నాయి, కానీ వాళ్ళు ఫోటో దిగుతున్నారు. ఈయన బండి నడుపుతున్నాడు. ఆదివారం నవ్విన ఆరడుగులవాడు వచ్చి చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకు అది చాలు.

అన్నయ్య అందరికంటే చివర వచ్చాడు. ఫోటో ముందు నిలబడ్డాడు. మేమంతా ఆయన మెచ్చుకుంటాడని ఎదురుచూస్తున్నాం. ఆయన ఫ్రేముకు ఇంకా దగ్గరికి జరిగాడు. కదలకమ్మకు భయమేసి దగ్గరికెళ్ళింది. "ఏం అన్నయ్యా, బాగా రాలేదా?"

"చెల్లీ," అన్నాడు. "చిన్నప్పుడు అడిగేదానివి కదా, నాన్న కళ్ళు ఎలా ఉండేవని."

"ఊ."

"ఇలా ఉండేవి. నేను బడి నుంచి వచ్చేదాకా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి దారి చూసేవాడు. ఇదే చూపు. అద్దంలో గడ్డం గీసుకోవడమే గానీ, నా కళ్ళు ఎలా ఉంటాయో నేనెప్పుడు చూసుకున్నాను? ఇన్నాళ్ళూ నీకు చెప్పడం చేతకాలేదు."

ఆమె చెయ్యెత్తి ఫ్రేము అద్దం మీద, ఆ కళ్ళ కింద, రెండు వేళ్ళు ఆనించి అలా ఉండిపోయింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట ఏదో బస్సు హారన్ కొట్టింది, ఆ గదిలో ఎవరూ అటు తిరగలేదు. నా చేతిలో స్టాండు బరువుగా ఉంది, కింద పెడితే చప్పుడవుతుంది. ఇరవై ఏళ్ళుగా గోడ అవతల నుంచి ఆ మాట విని విసుక్కున్నవాణ్ణి, ఆ కాసేపు ఎవరూ చెప్పకుండానే కదలకుండా నిలబడ్డాను.